పరీక్షా పరికరాల బోర్డులపై విడిభాగాలను గుర్తించడం, మార్చడం

రేడియోలో తప్పు రెసిస్టరు వేస్తే తేడా చాలాసార్లు చెవికే తెలిసిపోతుంది. మల్టీమీటరులో వేస్తే ఏమీ తెలియకపోవచ్చు. మీటరు పనిచేస్తుంది, అంకెలు చూపుతుంది. ఆ అంకెలే తప్పు. కాబట్టి విడిభాగంపై గుర్తులు చదవడంతోపాటు, అది వలయంలో ఏ పని చేస్తోందో కూడా తెలుసుకోవాలి.

10 మెగాఓముల ఇన్‌పుట్ నిరోధం గల ఒక డిజిటల్ మల్టీమీటరును తీసుకుందాం. అందులోని వోల్టేజి విభాజకంలో 9 మెగాఓములు, 900, 90, 10 కిలోఓముల రెసిస్టర్లు శ్రేణిలో ఉన్నాయి. మొదటిది కాలిపోయింది. సాధారణ 5 శాతం రెసిస్టర్లలో 9 మెగాఓములు అనే ప్రామాణిక విలువ లేదు, దగ్గరిది 9.1. అదే వేశారనుకోండి. దాని విలువ కచ్చితంగా 9.1 అయినా, మొత్తం నిరోధం 10.1 అవుతుంది కనుక 100 వోల్టులకు మీటరు 99 చూపుతుంది. టాలరెన్సును కూడా లెక్కిస్తే ఆ రీడింగు 94.7 నుంచి 103.7 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. పైగా విభాజకంతో పనిలేని 200 మిల్లీవోల్టుల రేంజిలో ఈ దోషం దాదాపు కనబడదు. ఆ ఒక్క రేంజిలో పరీక్షించి మరమ్మతు పూర్తయిందనుకుంటే మోసపోతాం.

ఇందులో ప్రమాదం కూడా ఉంది. 1000 వోల్టులు కొలిచేటప్పుడు ఈ రెసిస్టరుపై దాదాపు 900 వోల్టులు పడతాయి. చిన్న కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్లు చాలావరకు అందులో సగం కూడా తట్టుకోలేవు. అంటే విలువ, టాలరెన్సు, వాటేజితోపాటు వోల్టేజి పరిమితినీ చూడాలి. ఫ్యూజు విషయమూ ఇంతే. ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్ల గాజు ఫ్యూజు వేస్తే, ఎక్కువ శక్తి గల లైనులో అది పగిలి చేతికి గాయం కావచ్చు.

ఇక గుర్తుల సంగతి. పసుపు, ఊదా, నలుపు, ఎరుపు, గోధుమ పట్టీలుంటే 47 కిలోఓములు, 1 శాతం. వేడికి మాడిన ఎరుపు గోధుమలా కనిపిస్తుంది కనుక రంగును మాత్రమే నమ్మకండి. సరఫరా ఆపి, కెపాసిటర్లను డిస్‌ఛార్జి చేసి, రెసిస్టరును బోర్డుపైనే కొలవండి. ఇతర మార్గాలు సమాంతరంగా ఉండటం వల్ల రీడింగు తగ్గవచ్చు. గుర్తించిన విలువకన్నా బాగా ఎక్కువ వస్తే మాత్రం అది చెడినట్టే. తక్కువ వస్తే ఒక కాలు ఊడదీసి మళ్ళీ కొలవాలి.

ఐసీపై 7432 అని ఉంటే అది ఆర్ గేట్ల ఐసీ కావచ్చు, లేదా 1974లో 32వ వారం తయారైనదని తెలిపే తేదీ కావచ్చు. రెండో వరుస కూడా చదివితేగాని తేలదు. పాత టెక్ట్రానిక్స్ ఆసిలోస్కోపుల్లో కంపెనీ సొంత సంఖ్యలుంటాయి: 151-0190-00 అంటే మన బజారులో దొరికే 2ఎన్3904 ట్రాన్సిస్టరే. ఇలాంటివి సర్వీసు మాన్యువల్‌లోని విడిభాగాల పట్టికలో వెతకాలి.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ధ్రువత దగ్గర. అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరుపై పట్టీ రుణ ధ్రువాన్ని సూచిస్తుంది. బోర్డు ఉపరితలంపై అతికే టాంటలం కెపాసిటరుపై పట్టీ ధన ధ్రువాన్ని సూచిస్తుంది. టాంటలంను తిప్పి వేస్తే మంటే రావచ్చు. ఊడదీసే ముందు బోర్డును ఫోటో తీసుకోండి.

రెండువైపులా రాగి మార్గాలున్న బోర్డులో భాగాన్ని లాగితే రంధ్రంలోని రాగి పూత ఊడివస్తుంది. చెడిన భాగాన్ని ముందు కత్తిరించి, ఒక్కొక్క కాలును విడిగా వేడిచేసి తీయాలి. కొత్తది వేశాక ప్రతి రేంజినీ నమ్మకమైన మరో మీటరుతో పోల్చండి. కాలిబ్రేషన్ అయ్యేవరకు పరికరంపై ‘మరమ్మతు అయింది, కాలిబ్రేషన్ కాలేదు’ అని చీటీ అంటించి ఉంచండి.