వార్తల్లో పదం: రోగనిరోధక స్మృతి

తట్టు కేసులు బయటపడినప్పుడల్లా వైద్యులు ఈ మాట వాడుతుంటారు. ఒకసారి ఎదుర్కొన్న క్రిమిని శరీరం గుర్తుపెట్టుకోవడమే రోగనిరోధక స్మృతి. పిల్లలకు వేసే ఎంఆర్ టీకాలో బలహీనపరచిన తట్టు, రూబెల్లా వైరస్‌లు ఉంటాయి. వాటిని గుర్తించిన బి కణాలు యాంటీబాడీలను తయారుచేస్తాయి, టి కణాలు వైరస్ చొరబడిన కణాలను చంపుతాయి. పని ముగిశాక వాటిలో చాలా భాగం నశించినా, కొన్ని స్మృతి కణాలుగా ఏళ్ల తరబడి మిగులుతాయి. అసలు వైరస్ సోకిన నాడు శరీరం మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు.

జబ్బు చేసి వచ్చే రక్షణే గట్టిదని కొందరి వాదన. తట్టు ఒకసారి వచ్చినవారికి మళ్లీ రావడం చాలా అరుదన్నది నిజమే. కానీ ఆ రక్షణ కోసం బిడ్డను నిమోనియాకు, మెదడువాపుకు, ఒక్కోసారి మృత్యువుకు ఎదురు పంపాలి. అంతకన్నా దారుణం, తట్టు వైరస్ పాత స్మృతి కణాలనే నాశనం చేస్తుంది. టీకా వేయించుకోని నెదర్లాండ్స్ పిల్లలపై 2019లో వెలువడిన పరిశోధనలో, తట్టు తర్వాత ఇతర క్రిములపై ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయినట్లు తేలింది. టీకా వల్ల ఈ నష్టం లేదు. జ్వరం, దద్దుర్లు వచ్చినా మామూలుగా కొద్ది రోజుల్లో తగ్గుతాయి. మరి టీకా వేసినా కొందరికి తట్టు వస్తోందేం? 9 నెలలు నిండాక వేసే మొదటి డోసుకు కొందరు పిల్లల్లో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అడ్డుపడతాయి. 16–24 నెలల మధ్య రెండో డోసు వేసేది అలా మిగిలిపోయిన పిల్లల కోసమే.