ఓడలో గది... ఎంత ఉంటే సరిపోతుంది?

"ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అన్నారు మన పెద్దలు. ఆలిని మర్కటం అన్న ఆ పెద్దమనిషి మీద మనకి కోపం రావడం సహజమే! కానీ ఒక్క గదిలో నలుగురు మనుషులు, నాలుగు సూట్‌కేసులు, ఒకే ఒక్క బాత్రూమ్ అయితే ఎంతటి శాంతమూర్తి అయినా మర్కటం కాక ఏమవుతుంది చెప్పండి?

ఇప్పుడీ సామెత ఎందుకంటారా? ఓడలో విహారయాత్ర అనేది ఒకప్పుడు సినిమాల్లో చూసి ముచ్చటపడే సంగతి. ఇప్పుడది మన గుమ్మం దాకా వచ్చింది. 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి యాత్రలు మొదలుపెట్టిన 'ఎంప్రెస్' ఓడ 2022 జూన్‌లో మన విశాఖ నుంచి చెన్నై వైపు బయల్దేరింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో విహార నౌకల కోసమే ఒక టెర్మినల్ ప్రారంభించారు. పెళ్ళిరోజుకనో, అత్తగారి షష్టిపూర్తికనో ఓడెక్కుదామన్న మాట చాలా ఇళ్ళలో వినిపిస్తోంది.

అయితే ఒక్క విషయం. టికెట్ కొనేది శ్రీవారు. అమ్మేది ఏజెంటు. ఇద్దరూ మాట్లాడుకునేది "ఎంత తగ్గిస్తావ్?" అనే. ఆ గదిలో అందరి బట్టలూ సర్ది, పిల్లలకి పక్కలు వేసి, చివరికి మిగిలిన మూల సర్దుకుని పడుకునేది మాత్రం మీరు! అందుకే గది సంగతి మీరే తేల్చుకోవాలి. అదేం బ్రహ్మవిద్య కాదు, రండి చూద్దాం.

చిన్న ఓడంటే ఎంత?

2024 జనవరిలో తిరగడం మొదలుపెట్టిన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' అనే అమెరికా కంపెనీ ఓడ స్థూల టన్నేజీ దాదాపు 2 లక్షల 48 వేలు. మన ఎంప్రెస్‌ది సుమారు 48 వేలు. అంటే అయిదో వంతు అన్నమాట! పైగా ఎంప్రెస్ 1990లో తయారైన ఓడ. ఆ రోజుల్లో "గదిలో ఎవరుంటారు, పడుకోవడానికే కదా" అనుకుని గదులు చిన్నగా కట్టేవారు. ఆ కాలపు ఓడల్లో మామూలు గది 110, 120 చదరపు అడుగులకి అటూ ఇటూగా ఉంటుంది. కొత్త ఓడల్లో 150, 180 దాకా కూడా ఇస్తున్నారు. కాబట్టి ఏజెంటు ఏదో పెద్ద ఓడ గది ఫోటో చూపించి "ఇలాగే ఉంటుందండీ" అంటే నమ్మకండి. ఎక్కబోయే ఓడలో, మీరు తీసుకోబోయే రకం గది ఫోటోనే చూపించమనండి.

ముగ్గుపిండితో కొలవండి

చదరపు అడుగులంటే అంత తేలిగ్గా మనసుకి పట్టవు. ఓ పని చేయండి. ముగ్గుపిండి తీసుకుని డాబా మీద పది అడుగులకి పదకొండు అడుగుల గడి ఒకటి గీయండి. అదే 110 చదరపు అడుగుల గది. సాధారణంగా బాత్రూమ్ కూడా ఈ లెక్కలోనే కలిసి ఉంటుంది కనుక ఒక మూల అయిదు అడుగులకి అయిదు అడుగుల గడి కొట్టేయండి. మిగిలిన దాంట్లో ఆరున్నర అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు మంచం గీయండి. ఓ బీరువా, ఓ చిన్న బల్ల, కుర్చీ కూడా వేయండి. ఇప్పుడు అందులో శ్రీవారిని, పిల్లల్ని నిలబెట్టి మీరు అటూ ఇటూ నడిచి చూడండి. ఒకరు నడుస్తుంటే ఇంకొకరు మంచమెక్కి కూర్చోవాలి. కదూ?

మన చీర పద్దెనిమిది అడుగులు. గది పొడవు పదకొండు. అంటే తడిచీర ఆరేయడం మాట మరిచిపోవాల్సిందే! రోజుకో చీర, ఒకటి అదనం అని లెక్కేసుకుని వెళ్ళండి.

ఈ ముగ్గు మిమ్మల్ని బెదరగొట్టడానికి కాదు సుమా! ఇద్దరికైతే ఆ చోటు నిక్షేపంలా సరిపోతుంది. రైల్లో కూపేతో పోలిస్తే రాజమహలే. ముగ్గురు, నలుగురైతేనే ఆలోచించాలి.

గదులెన్ని రకాలు?

సముద్రం మీద తిరిగే ఓడల్లో ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది లోపలి గది. కిటికీ ఉండదు, అద్దె తక్కువ. లైటు ఆర్పితే పగలో రాత్రో తెలీదు. నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పడుతుంది! రెండోది కిటికీ గది. సముద్రం కనిపిస్తుంది గానీ ఆ కిటికీ తెరుచుకోదు. గాలి వస్తుందనుకుంటే పొరపాటే. మూడోది బాల్కనీ గది. కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ సూర్యోదయం చూడొచ్చు. అద్దె ఎక్కువ. చాలా పాత ఓడల్లో ఈ రకం గదులు కొన్నే ఉంటాయి.

ఒక చిన్న కిటుకు చెప్తాను. చాలా ఓడల్లో లోపలి గదికీ, కిటికీ గదికీ చోటులో పెద్ద తేడా ఉండదు. మీరు కట్టే అదనపు డబ్బు వెలుతురుకే గానీ చోటుకి కాదు. అలాగే బాల్కనీ గది కొలత చెప్పేటప్పుడు బాల్కనీని కూడా కలిపి చెప్తున్నారేమో అడగండి.

ముందు ప్రయాణం, తర్వాత గది

ఓడ పగలంతా ఎక్కడుంటుంది? గది ఎంపికలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

లక్షద్వీప్ టూరిజం వారి 'సముద్రం' యాత్ర పేరు విన్నారా? 'ఎం.వి. కవరత్తి' ఓడలో అయిదు రోజులు. పగలు కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవుల్లో తిప్పి, భోజనం కూడా అక్కడే పెట్టి, రాత్రి నిద్రకి ఓడకి చేర్చే పద్ధతి. అన్నట్టు, ఆ ఓడ తయారైంది మన విశాఖలోనే, హిందుస్థాన్ షిప్‌యార్డులో! ఇలాంటి యాత్రలో గదిలో మీరుండేది పడుకోవడానికే కాబట్టి పెద్ద గదికి డబ్బు పోయనక్కర్లేదు. శుభ్రమైన పక్క, పనిచేసే ఏసీ ఉంటే చాలు.

అదే విశాఖ నుంచి చెన్నై లాంటి ప్రయాణమైతే ఒక్కోసారి పగలంతా ఓడ నడి సముద్రంలోనే ఉంటుంది. నాట్యాలూ, ఆటలూ, భోజనాలూ ఎన్ని ఉన్నా మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలనిపిస్తుంది. అలాంటప్పుడు కిటికీ ఉన్న గది మనసుకి హాయి.

ఇక నదీయాత్రల సంగతి వేరు. 2023 జనవరి 13న వారణాసిలో బయల్దేరిన 'గంగా విలాస్' నెలన్నర పాటు 3,200 కిలోమీటర్లు తిరిగి దిబ్రూగఢ్ చేరింది. దాంట్లో ఉన్నవి 18 గదులే, 36 మంది యాత్రికులకే చోటు. అన్ని రోజులు అదే ఇల్లు కదా! అలాంటి చోట గది విశాలంగా ఉండాల్సిందే. మూడు రాత్రులకి సర్దుకోగలిగిన ఇరుకు, ముప్ఫై రాత్రులకి నరకమవుతుంది.

ఊగే ఓడ - ఊగని గది

"నాకు బస్సులోనే వాంతులు, ఇంక ఓడా?" అని భయపడుతున్నారా? బస్సులో వెనక సీటు ఎగిరెగిరి పడుతుంది, మధ్య సీటు అంత కుదపదు. ఓడ కూడా అంతే. ముందు కొస, వెనక కొస ఉయ్యాలబల్లలా లేచి పడుతుంటాయి. నడిమధ్య తక్కువ ఊగుతుంది. అలాగే పై అంతస్తు ఎక్కువ ఊగుతుంది, కింది అంతస్తు తక్కువ. పెద్ద ఓడ కన్నా చిన్న ఓడకి ఈ ఊపు మరికాస్త ఎక్కువే.

అందుచేత ఒళ్ళు తిప్పే గుణం ఉన్నవాళ్ళకి పైన ఖరీదైన బాల్కనీ గది కన్నా కింది అంతస్తులో, మధ్యలో ఉన్న చవక గదే నయం! డబ్బు ఎక్కువ పెట్టి వాంతులు కొనుక్కోవడం దేనికి? కడుపులో తిప్పుతున్నట్టుంటే పై డెక్ మీదికెళ్ళి దూరంగా ఆకాశం, సముద్రం కలిసే గీత వైపు చూడండి, కుదుటపడుతుంది. అల్లం మురబ్బా దగ్గరుంచుకోండి. మాత్రలు మాత్రం మీ డాక్టరుగారిని అడిగే వేసుకోండి, ముఖ్యంగా బీపీ, షుగరు ఉన్నవాళ్ళు. మన బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. తేదీలు పెట్టుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి. నదీయాత్రలో ఈ బెడదే ఉండదు.

ఒక గదా, రెండు గదులా?

ఇక్కడే మన ఇల్లాలి లెక్క పనికొస్తుంది. ఓడలో అద్దె గదికి కాదు, మనిషికి. అదీ గదికి ఇద్దరు చొప్పున లెక్క వేస్తారు. అదే గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి సాధారణంగా తక్కువ తీసుకుంటారు. ఒక్కరే ఉంటే మాత్రం ఇంచుమించు ఇద్దరి డబ్బూ కట్టాల్సి రావచ్చు.

ఉదాహరణకి ఓ లెక్క వేద్దాం. అంకెలు నేను ఊరికే అనుకున్నవే. మీ ఇంట్లో నలుగురు. బాల్కనీ గదిలో మొదటి ఇద్దరికి తలా 45 వేలు, తర్వాతి ఇద్దరికి తలా 20 వేలు అనుకుంటే మొత్తం లక్షా ముప్ఫై వేలు. లోపలి గదిలో మనిషికి 25 వేలనుకుని, ఇద్దరేసి చొప్పున రెండు గదులు తీసుకుంటే మొత్తం లక్ష. అంటే 30 వేలు తగ్గింది, చోటూ పెరిగింది, అన్నిటికన్నా ముఖ్యంగా బాత్రూములు రెండయ్యాయి! పొద్దున్నే నలుగురూ ఒకే తలుపు ముందు బారులు తీరే బాధ తప్పింది. సముద్రం చూడాలంటే డెక్ మీదికి వెళ్తే సరి, దానికి వేరే టికెట్ లేదు.

పిల్లలు మరీ చిన్నవాళ్ళయితే వాళ్ళనొక్కళ్ళనీ వేరే గదిలో ఉంచలేరు కదా. అప్పుడు శ్రీవారు ఒకర్ని, మీరొకర్ని తీసుకోండి. లేదా మధ్యలో తలుపున్న జంట గదులు ఉన్నాయేమో అడగండి. నలుగురి గదిలో రెండు మంచాలు గోడకి బిగించి, రాత్రికి దించేవి ఉంటాయి. నిచ్చెన ఎక్కాలి. పదేళ్ళ పిల్లలకి సరదా గానీ, రెండేళ్ళవాళ్ళకి, పెద్దవాళ్ళకి అది పనికిరాదు.

అత్తగారు, మామగారు వస్తుంటే...

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి గది ఎంత పెద్దదన్న దానికన్నా ఎక్కడుందన్నది ముఖ్యం. లిఫ్టుకి దగ్గరగా తీసుకోండి. మరీ ఎదురుగా మాత్రం వద్దు, వచ్చేపోయేవాళ్ళ సందడికి నిద్రుండదు. నాలుగైదు గదులు అవతల అయితే మేలు. ఓడ బాత్రూమ్‌కి చాలాచోట్ల ఎత్తు గడప ఉంటుంది. రాత్రి తట్టుకుని పడే ప్రమాదం ఉంది. లోపలి గది అయితే మరీ కటిక చీకటి. బాత్రూమ్ లైటు వేసి తలుపు ఓరగా వేసి ఉంచండి, లేదా దిండు పక్కన చిన్న టార్చి పెట్టండి. చక్రాల కుర్చీ వాడేవాళ్ళకి వెడల్పు తలుపులున్న గదులు వేరే ఉంటాయి. అవి కొన్నే ఉంటాయి కనుక ముందే చెప్పుకోవాలి.

గోడ అవతల ఏముంది?

ఓడ పటం అడిగి తీసుకోండి. మీ గదికి పైన, కింద ఏముందో చూడండి. పైన భోజనాల హాలుంటే తెల్లవారుజామునే కుర్చీల చప్పుడు. కింద డాన్సు హాలుంటే అర్ధరాత్రి దాకా ధనాధన్! వెనక కొసన ఇంజను అదురు, ముందు కొసన లంగరు గొలుసు మోత. పైనా కిందా కూడా గదులే ఉన్న అంతస్తు ఉత్తమం. కిటికీ గదుల్లో కొన్నిటికి లైఫ్‌బోటు అడ్డొస్తుంది. "ఏ గదైనా మేమే ఇస్తాం, అద్దె తక్కువ" అంటే ఎంపిక మీ చేతిలో ఉండదన్నమాట. ఇద్దరే వెళ్తుంటే ఫరవాలేదు, పెద్దవాళ్ళతో అయితే వద్దు.

ఇవి తీసుకెళ్ళకండి

ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే కాయిల్, రైస్ కుక్కర్ లాంటివి ఓడల్లో రానివ్వరు. గదిలో దీపం, అగరొత్తులు అసలే కూడదు. నడి సముద్రంలో నిప్పంత శత్రువు ఇంకొకటి లేదు. దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకోండి, ఆయన వింటాడు. పెద్ద గట్టి సూట్‌కేసుల బదులు మెత్తని బ్యాగులు తీసుకెళ్తే మంచం కిందికి తోసేయొచ్చు. ఎక్కగానే ప్రమాద సమయంలో ఎక్కడికి చేరాలో నేర్పుతారు, లైఫ్‌జాకెట్లు చూపిస్తారు. "మళ్ళీ చూద్దాంలే" అనకుండా ఇంటిల్లిపాదీ వెళ్ళండి.

డబ్బు కట్టేముందు అడగండి

1. గది ఎన్ని చదరపు అడుగులు? బాత్రూమ్, బాల్కనీ కలిపా, విడిగానా?
2. ఏ అంతస్తు? ముందా, మధ్యా, వెనకా?
3. మంచాలు విడివిడిగానా, కలిపా? పైకెక్కేవి ఎన్ని?
4. కిటికీకి ఏమైనా అడ్డం ఉందా?
5. మూడో మనిషికి, నాలుగో మనిషికి ఎంత? పన్నులు, రేవు చార్జీలు కలిపేనా?
6. గది నంబరు ఇప్పుడే ఇస్తారా?
7. ప్రయాణం రద్దయితే ఎంత తిరిగి ఇస్తారు?

ఈ ఏడు ప్రశ్నలూ ఓ కాగితం మీద రాసి శ్రీవారి జేబులో పెట్టండి. ఇంకా మంచిది, ఆయనతోపాటు మీరూ వెళ్ళి కూర్చుని అడగండి. ఇంట్లో ఏ డబ్బా ఏ అరలో పడుతుందో చూపుతోనే చెప్పగలిగిన మీకు, ఓడలో ఏ గదిలో ఎవరు పడతారో చెప్పడం ఎంత పని? అందరికీ చోటు చూసేటప్పుడు మీ చోటు మాత్రం చివరికి వదిలేయకండి. కిటికీ పక్క పడక ఈసారి మీదేనని ముందే చెప్పేయండి!