నాలుగో ఏడాది టికెట్ ఎవరు కొడతారు?

బస్తర్ పల్లెలకు బస్సు నడిపితే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కిలోమీటరుకు ఇంతని చెల్లిస్తోంది. అసలు పరీక్ష ఆ డబ్బు ఆగిపోయాకే మొదలవుతుంది.

శబరి నది ఒడ్డున ఉన్న కొంటాకు తెలుగు నేల కూతవేటు దూరం. సరిహద్దు దాటి చింతూరులో పల్లెవెలుగు ఎక్కే ఆంధ్రప్రదేశ్ మహిళకు 2025 ఆగస్టు 15 నుంచి టికెట్ లేదు. కొంటా నుంచి ఉత్తరంగా సుక్మాకో జగదల్పూర్‌కో వెళ్లాలంటే మాత్రం ప్రైవేటు బస్సే గతి. ప్రధాన రహదారి దిగి లోపలి ఊళ్లకు పోవాలంటే జీపు, అదీ దొరక్కపోతే కాలినడక. అటూ ఇటూ ఉన్నది కోయలే, చుట్టరికాలూ ఉన్నాయి. తేడా అంతా బస్సు దగ్గరే.

దీని వెనక ఒక పాత నిర్ణయం ఉంది. 2000 నవంబర్ 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్, బస్సులు నడిపే సొంత ఆర్టీసీని నిర్మించుకోలేదు. నష్టాల్లో కూరుకుపోయిన తన సంస్థను మూసేయాలని మాతృ రాష్ట్రం మధ్యప్రదేశ్ కూడా 2005లో నిర్ణయించింది. చార్జీలు ప్రభుత్వం ఖరారు చేస్తుంది, బస్సులు ప్రైవేటు యజమాని నడుపుతాడు. రాయ్‌పూర్-జగదల్పూర్ లాంటి రూట్లో ఈ ఏర్పాటుకు ఢోకా లేదు. సీట్లు నిండుతాయి, పోటీ కూడా ఉంటుంది. చిక్కంతా అడవిలోకి తిరిగే మట్టిరోడ్డు దగ్గరే.

బస్తర్‌లో ప్రయాణం సంతను బట్టి నడుస్తుంది. ఇప్పపువ్వో చింతపండో అమ్ముకోవడానికి, ఉప్పూ నూనే కొనుక్కోవడానికి వారానికోరోజు ఊరంతా కదులుతుంది. ఆ రోజు జీపు టాప్ మీద కూడా చోటుండదు. మిగతా ఆరు రోజులూ అదే దారిలో పదిమంది దొరికితే గొప్ప. జీపు నిండితేనే కదులుతుంది కాబట్టి దానికి నష్టం లేదు. బస్సు వేళకు కదలాలి కాబట్టి దానికి లాభం లేదు. సంత రోజు డబ్బు జీపుది, మిగతా రోజుల ఖాళీ సీట్లు బస్సువి. జ్వరం వచ్చిన బిడ్డకో, ఆశ్రమ పాఠశాల నుంచి సెలవుకు ఇంటికొచ్చే విద్యార్థికో సంత రోజుతో పనేముంది?

పైగా ఇక్కడ ఖాళీ సీట్లతోనే కష్టాలు తీరలేదు. 2010 మే 17న దంతెవాడ-సుక్మా మార్గంలో చింగవరం దగ్గర మావోయిస్టులు ప్రైవేటు బస్సును పేల్చేశారు. ప్రత్యేక పోలీసు అధికారులతో పాటు సాధారణ ప్రయాణికులూ ఎక్కిన బస్సది. 30 మందికి పైగా చనిపోయారు. అంతకుముందే, 2005లో సల్వాజుడుం మొదలయ్యాక లోపలి రూట్లు ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి. బీజాపూర్ జిల్లాలోని పామేడు వాసులు సొంత జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే ఏళ్ల తరబడి తెలంగాణ మీదుగా చుట్టి రావాల్సి వచ్చింది.

ఇప్పుడు రోడ్లు పడుతున్నాయి. 2025 అక్టోబర్ 4న జగదల్పూర్‌లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా ముఖ్యమంత్రి గ్రామీణ బస్సు పథకాన్ని ప్రారంభించారు. తొలి దశలో బస్తర్, సర్గుజా డివిజన్లలోని 34 రూట్లలో 34 బస్సులు, 250 గ్రామాలు. ప్రభుత్వం బస్సులు కొనదు. స్థానికుల నుంచి టెండర్లు పిలిచి, 18 నుంచి 42 సీట్ల వాహనం నడిపేవారికి కిలోమీటరుకు మొదటి ఏడాది రూ.26, రెండో ఏడాది రూ.24, మూడో ఏడాది రూ.22 చొప్పున ఇస్తుంది. గరిష్ఠంగా మూడేళ్లు వాహన పన్ను కూడా ఉండదు.

లెక్క సులభమే. రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే బస్సుకు మొదట రూ.2,600, చివరి ఏడాది రూ.2,200. ప్రయాణికుల సంఖ్యను బట్టి కాకుండా దూరాన్ని బట్టి ఇవ్వడం తెలివైన పనే. సంత లేని రోజున కూడా బండి తీయడానికి యజమానికి కారణం దొరుకుతుంది. అయితే బండి నిజంగా తిరిగిందా, కాగితం మీదే తిరిగిందా అని చూసేదెవరు? ఫోన్ సిగ్నలే సరిగా అందని అడవిలో ఇది చిన్న ప్రశ్న కాదు.

రాయితీల జాబితా కూడా పెద్దదే. అంధులకు, 80 ఏళ్లు దాటిన వృద్ధులకు, హెచ్ఐవీ బాధితులకు ప్రయాణం ఉచితం. నక్సల్ హింస బాధితులకు సగం చార్జీ. ఉద్దేశం మంచిదే కానీ, అందరూ అందరికీ తెలిసిన పల్లె బస్సులో హెచ్ఐవీ కార్డు తీసి చూపించే ధైర్యం ఎందరికి ఉంటుంది? నక్సల్ బాధితుడినని కండక్టర్‌కు చెప్పుకోవడం కూడా నిన్నటిదాకా ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఏటా తగ్గే రాయితీలో ఒక నమ్మకం దాగి ఉంది. మూడేళ్లలో జనం బస్సుకు అలవాటు పడతారు, సీట్లు నిండుతాయి, ఆ తర్వాత బస్సు తన కాళ్ల మీద తాను నిలబడుతుంది అని. తెలుగువాళ్ల అనుభవం మాత్రం ఈ ధీమా ఇవ్వదు. దశాబ్దాలుగా తిరుగుతున్న పల్లె బస్సులు కూడా ఎక్స్‌ప్రెస్‌లు, దూరప్రాంత సర్వీసుల రాబడి ఆసరాతోనే బతుకుతున్నాయి. అదీ చాలకే ఆంధ్రప్రదేశ్ 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వంలో కలిపేసుకుంది. పొరుగున గడ్చిరోలిలో 2025 జనవరి 1న మహారాష్ట్ర ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ గట్టా-గర్దేవాడ-వాంగేతురి మార్గంలో బస్సును ప్రారంభించారు. అక్కడ రాష్ట్రానికి రవాణా సంస్థ ఉంది, నష్టం వస్తే దాని పద్దులోకి పోతుంది. బస్తర్‌లో అదే నష్టం ఒకటో రెండో బస్సులున్న యజమాని జేబులోంచి పోవాలి. అతని దగ్గర దాన్ని పూడ్చుకోవడానికి రాయ్‌పూర్ రూటు లేదు.

2025 అక్టోబర్‌లో కదిలిన బస్సులకు మూడేళ్ల గడువు 2028 అక్టోబర్‌తో తీరుతుంది. ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ ఎన్నికలు ఆ ఏడాది చివర్లోనే జరగాలి. ఆ సమయంలో ఊరి బస్సు ఆపే సాహసం ఏ ప్రభుత్వమూ చేయదు, మరికొన్ని నెలలు గడువు పెంచవచ్చు కూడా. ఓట్ల లెక్కింపు ముగిశాక వచ్చే బడ్జెట్లో ఆ కిలోమీటర్ల పద్దు ఉంటుందా అన్నదే యజమానులు ఇప్పట్నుంచే వేసుకోవాల్సిన లెక్క. బండి మీద తెచ్చిన అప్పుకు వాయిదాలు మాత్రం మూడేళ్లకే తీరవు.