తండ్రిలేని పిల్లల కోసం కూడిన మేటి జట్టు

క్రికెట్ జట్టును ప్రకటించిన మరునాడు మన ఊళ్ళలో టీ కొట్టు దగ్గర ఎంత వాదన జరుగుతుందో పాఠకులకు తెలిసిందే. పేపరు చేతబట్టుకొని, వీణ్ణెందుకు తీసుకున్నారు, వాణ్ణెందుకు వదిలేశారు అని ఒకటే గొడవ. అమెరికాలో ఈ గొడవకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. అయితే అక్కడి ఆట క్రికెట్ కాదు, బేస్‌బాల్. ఆ దేశపు మేటి ఆటగాళ్ళు కొందరు ఒకసారి ఒకే జట్టుగా ఎందుకు కూడారో తెలిస్తే, ఆటలంటే ఆసక్తి లేని తల్లులు కూడా ఈ సంగతి చివరిదాకా చదువుతారని నా నమ్మకం.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. బేస్‌బాల్‌లో కర్ర రోకలిలా గుండ్రంగా ఉంటుంది. బంతిని నేలకు తగలనీయకుండా నేరుగా విసురుతారు. విసిరేవాణ్ణి పిచర్ అంటారు. కొట్టినవాడు మైదానంలో నాలుగు మూలలా ఉన్న బేస్‌లు అనే మజిలీలను చుట్టి, బయలుదేరిన చోటికి తిరిగి చేరితే ఒక పరుగు. జట్టుకు తొమ్మిదిమంది, ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. ప్రతి ఇన్నింగ్స్‌లోను ముగ్గురు ఔటైతే అవతలివారి వంతు వస్తుంది. ఇంతమాత్రం తెలిస్తే చాలు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ రెండు పెద్ద లీగులు ఉండేవి. నేషనల్ లీగు 1876లో పుట్టింది. అమెరికన్ లీగు 1901లో దానికి పోటీగా నిలిచింది. ఒక్కొక్క లీగులో ఎనిమిది జట్లు. డెట్రాయిట్ ఆటగాడు డెట్రాయిట్‌కే, క్లీవ్‌లాండ్ ఆటగాడు క్లీవ్‌లాండ్‌కే. యజమాని విడిచిపెడితే తప్ప మరో జట్టుకు మారే స్వేచ్ఛ వారికి లేదు. కాబట్టి అందరిలోకి మేటివారు ఒకే వైపు నిలబడి ఆడడం జనం చూడగలిగేది అరుదు. పత్రికలవారు ఆ ముచ్చటను కాగితం మీద తీర్చుకునేవారు. 1908లో మొదలైన బేస్‌బాల్ మాగజైన్ అనే మాసపత్రిక ఏటేటా దేశమంతటిలో మేటి జట్టు ఇదీ అని పేర్లు ప్రకటించేది. చదివినవారు ఒప్పుకోక వాదించుకునేవారు. కాగితం జట్టుతో ఒక సౌకర్యముంది, అది ఎన్నడూ ఓడిపోదు!

మేటివాడెవడో తేల్చాలన్న ఈ తహతహ ఒక్కోసారి మనుషులను దిగజార్చింది కూడా. 1910లో చామర్స్ అనే కార్ల కంపెనీవారు, బాగా కొట్టే సగటులో అందరికంటె ముందున్నవానికి ఒక మోటారు కారు బహుమానమిస్తామన్నారు. డెట్రాయిట్ జట్టువాడు టై కాబ్, క్లీవ్‌లాండ్ జట్టువాడు నాప్ లాజోయి పోటాపోటీగా వచ్చారు. కాబ్ మహా ఆటగాడే గాని కోపిష్ఠి, ఎదుటి జట్లలో అతనంటే గిట్టనివారు చాలామంది. అతడు తన సగటు తగ్గకుండా చివరి రెండు ఆటలూ ఆడకుండా కూర్చున్నాడు. ఇక అక్టోబరు 9న సెయింట్ లూయిస్‌లో జరిగింది మరీ వింత. అక్కడి జట్టు మేనేజరు, లాజోయి గెలవాలని, తన మనిషిని కావాలనే చాలా వెనుక నిలబెట్టాడు. లాజోయి బంతిని మెల్లగా ముందుకు తట్టడం, పరుగెత్తి మొదటి బేస్ చేరడం. ఒక్కరోజు రెండు ఆటల్లో ఎనిమిదిసార్లు సఫలుడయ్యాడు. పెద్ద రభస జరిగింది. ఆ మేనేజరు ఉద్యోగం పోయింది. లెక్కల్లో కాబ్‌దే వెంట్రుకవాసి పైచేయి అని తేల్చారు. కంపెనీవారు తెలివిగా ఇద్దరికీ చెరొక కారు ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

ఈ రభస జరిగిన ఏడాది తిరగకముందే అదే కాబ్, అదే లాజోయి ఒక విధవరాలి నిమిత్తం ఒకే మైదానంలో నిలబడ్డారు.

ఆమె భర్త పేరు ఆడీ జాస్. 1880లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి జున్ను తయారుచేసేవాడు. తాగుడుకు లోబడి కాలేయం చెడి, కొడుక్కి పదేళ్ళప్పుడు చనిపోయాడు. తల్లి కష్టపడి పిల్లవాణ్ణి చదివించింది. జాస్ ఆరడుగుల మూడంగుళాల పొడవు, ఊచలాంటి మనిషి. బంతి విసిరే ముందు ఒళ్ళంతా మెలితిప్పి వీపు కనిపించేలా తిరిగేవాడు, బంతి ఎటునుండి వస్తుందో కొట్టేవాడికి అంతుబట్టేది కాదు. 1902లో క్లీవ్‌లాండ్ జట్టులో చేరి తొమ్మిదేళ్ళు ఆడి 160 ఆటలు గెలిపించాడు. ఆట లేని కాలంలో పత్రికలకు వ్యాసాలు రాసేవాడు. నెమ్మది గలవాడని పేరు. ఎదుటి జట్లవారు కూడా అతణ్ణి ఇష్టపడేవారు.

1908 అక్టోబరు 2న షికాగో జట్టుమీద జాస్ ఆడిన ఆటను అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. అవతలి పిచర్ ఎడ్ వాల్ష్ పదిహేనుమందిని బంతి తగలనీయకుండా వెనక్కి పంపాడు. అయినా ఓడిపోయాడు! ఎందుకంటే జాస్ ఎదుట ఇరవై ఏడుమంది వరుసగా వచ్చి, ఒక్కడైనా మొదటి బేస్ తొక్కకుండానే ఇరవై ఏడుమందీ వెనుదిరిగారు. అందుకు జాస్‌కు పట్టిన బంతులు 74 మాత్రమే. ఆ శతాబ్దంలో అంతకుముందు అలాంటి ఆట ఆడినవాడు సై యంగ్ ఒక్కడే, 1904లో.

1911 ఏప్రిల్ 3న టెనెస్సీ రాష్ట్రంలోని చట్టనూగాలో జాస్ సొమ్మసిల్లి పడిపోయాడు. టొలీడోలోని ఇంటికి చేర్చారు. ఊపిరితిత్తుల చుట్టూ నొప్పి అనుకున్నది చివరికి మెదడు పొరలకు సోకిన క్షయ అని తేలింది. క్షయకు పనిచేసే మందు కనుక్కునేసరికి ఇంకా ముప్ఫైయేళ్ళు పట్టింది. ఏప్రిల్ 12న అతనికి ముప్ఫై ఒకటి నిండాయి. 14న కన్నుమూశాడు. భార్య లిలియన్, కొడుకు నార్మన్, కూతురు రూత్ మిగిలారు. వైద్యానికైన అప్పు కూడా మిగిలింది. ఆటగాళ్ళకు పింఛను ఏర్పాటు 1947 దాకా లేదు. ఇంటి యజమాని పోతే ఆ ఇంటిగతి దైవాధీనమే.

భూస్థాపన 17న. సరిగ్గా ఆరోజే క్లీవ్‌లాండ్ జట్టు డెట్రాయిట్‌లో ఆడవలసి ఉంది. తోటి ఆటగాళ్ళు సమాధి కార్యక్రమానికి వెళ్తామన్నారు. లీగు అధ్యక్షుడు బాన్ జాన్సన్ మొదట ఒప్పుకోలేదు. అప్పుడు ఆటగాళ్ళంతా ఒక కాగితం మీద సంతకాలు చేసి, మేము ఆడము, టొలీడో వెళ్తున్నాము అని తేల్చి చెప్పారు. జీతగాళ్ళు యజమానుల ఎదుట అలా నిలబడడం ఆ కాలంలో చిన్న సంగతి కాదు. చివరకు జాన్సన్ దిగివచ్చాడు, ఆట వాయిదా పడింది.

ఆ కార్యక్రమంలో వర్తమానం అందించినది సువార్తికుడు బిల్లీ సండే. ఆయన పేరు మన పాఠకుల్లో కొందరు విని ఉంటారు. ఆయన కూడా ఒకప్పటి బేస్‌బాల్ ఆటగాడే. 1883 నుండి 1890 వరకు షికాగో, పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా జట్లలో ఆడాడు, పరుగులో చిరుతపులి. షికాగోలోని పసిఫిక్ గార్డెన్ మిషన్‌లో మారుమనస్సు పొందాక ఆదివారం ఆటలు మానుకున్నాడు. 1891లో మంచి జీతం వదులుకొని, నెలకు 80 డాలర్లకు కాస్త పైన ఇచ్చే వై.ఎం.సి.ఏ. పనిలో చేరాడు. 1911 ఏప్రిల్‌లో ఆయన టొలీడోలోనే సువార్త కూటములు జరుపుతూ ఉన్నాడు.

ఆయన బాల్యం గురించి ఒక సంగతి చెప్పాలి. అంతర్యుద్ధంలో సైనికుడిగా వెళ్ళిన ఆయన తండ్రి జబ్బుచేసి చనిపోయేనాటికి బిల్లీ అయిదు వారాల పసిగుడ్డు. తండ్రి ముఖం ఎరుగడు. పోషించలేక తల్లి ఇద్దరు కొడుకులను సైనికుల అనాథ పిల్లల ఆశ్రమంలో చేర్చింది. పదేళ్ళకే తండ్రిని పోగొట్టుకున్న జాస్ పెట్టె ముందు, అసలు తండ్రినే చూడని సండే నిలబడ్డాడు. ఎదురుగా నార్మన్, రూత్. ఆ పూట ఆయన గుండెలో ఏముందో మనం ఊహించుకోవలసిందే.

పూడ్చిపెట్టి ఎవరి దారిన వారు వెళ్ళిపోలేదు. ఆ కుటుంబం కోసం ఒక ఆట ఆడాలని క్లీవ్‌లాండ్ జట్టువారు తలపెట్టారు. ఒకవైపు క్లీవ్‌లాండ్, మరోవైపు అమెరికన్ లీగులోని మిగతా జట్ల నుండి మేటివారు. 1911 జులై 24న క్లీవ్‌లాండ్‌లోని లీగ్ పార్కులో వారు కూడుకున్నారు. బోస్టన్ నుండి ట్రిస్ స్పీకర్, స్మోకీ జో వుడ్. వాషింగ్టన్ నుండి మెరుపువేగపు వాల్టర్ జాన్సన్. ఫిలడెల్ఫియా నుండి ఎడ్డీ కాలిన్స్, ఫ్రాంక్ బేకర్. డెట్రాయిట్ నుండి సామ్ క్రాఫర్డ్, టై కాబ్. కాగితం మీది జట్టులాంటిదే నేలమీద కనిపించింది. ఇటు క్లీవ్‌లాండ్ తరఫున లాజోయి, షూలెస్ జో జాక్సన్. మొదట బంతి విసిరినవాడు నలభై నాలుగేళ్ళ సై యంగ్, ఇంతకుముందు చెప్పిన యంగే.

ఆనాటి గ్రూపు ఫొటో ఒకటి నిలిచి ఉంది. మేటివారంతా తమ తమ జట్ల దుస్తుల్లో నిలబడి ఉండగా, కాబ్ ఒక్కడు క్లీవ్‌లాండ్ చొక్కా తొడుక్కొని కనిపిస్తాడు. సొంత దుస్తులు చేతిలో లేక అరువు తెచ్చుకున్నాడు. మొన్న అక్టోబరులో కారు కోసం లాజోయితో పోటీపడ్డ మనిషి, జులైలో లాజోయి జట్టు చొక్కాతోనే లాజోయికి ఎదురు ఆడాడు!

మేటి జట్టు 5 పరుగులు, క్లీవ్‌లాండ్ 3. ఓడినా క్లీవ్‌లాండ్ జనానికి బాధ లేదు. పదిహేను వేలకు పైగా ప్రేక్షకులు వచ్చారు. దాదాపు 13 వేల డాలర్లు పోగయ్యాయి. మామూలు కార్మికుడు ఏడాదంతా చెమటోడ్చినా వెయ్యి డాలర్లు కళ్ళజూడని రోజులవి. వైద్యపు అప్పు తీరింది, తల్లీపిల్లలకు ఆధారం దొరికింది.

ఈ మంచి సంగతి చెబుతూ ఒక చేదు సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు. ఆ మైదానంలో ఒక్క నల్లజాతివాడు కూడా లేడు. వ్రాసిన చట్టం ఏదీ లేకున్నా, యజమానులు లోలోపల చేసుకున్న ఒప్పందం వల్ల 1880ల చివరినుండి నల్లవారిని పెద్ద జట్లలోకి రానివ్వలేదు. జాస్ కాలంలోనే రూబ్ ఫాస్టర్ అనే గొప్ప నల్లజాతి పిచర్ ఉన్నాడు. ఎవరి మేటి జాబితాలోనూ అతనికి చోటు లేదు. గుమ్మం దగ్గరే ఆపేసి, లోపలున్నవారిలో మేటి ఎవరని వెతకడం ఏమి ఎంపిక? ఫాస్టర్ 1920లో కాన్సాస్ సిటీలోని ఒక వై.ఎం.సి.ఏ. భవనంలో తోటివారిని సమకూర్చి నల్లవారికి సొంత లీగు స్థాపించాడు.

ఇక 1933లో ఒకే మైదానం రెండు ఎంపికలనూ చూసింది. షికాగోలోని కొమిస్కీ పార్కులో జులై 6న రెండు పెద్ద లీగుల మేటి జట్లు తలపడ్డాయి. షికాగో ట్రిబ్యూన్ పత్రికలో పనిచేసే ఆర్చ్ వార్డ్ ఆలోచన అది. పత్రికల్లో అచ్చువేసిన చీటీలు నింపి ప్రజలు ఓట్లు పంపారు. వచ్చిన సొమ్ము జబ్బుపడిన, ముసలివారైన పాత ఆటగాళ్ళ సహాయనిధికి వెళ్ళింది. రెండు నెలలకు, సెప్టెంబరు 10న, అదే మైదానంలో నల్లజాతి ఆటగాళ్ళు తమ తూర్పు పడమర మేటి జట్లతో ఆడారు. పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్ వంటి తమ పత్రికల ద్వారా వారి జనమే ఓట్లు వేసి ఎన్నుకున్నారు. వానలోనూ దాదాపు ఇరవై వేలమంది వచ్చారు. ఆ ఇద్దరూ కలిసి ఒకే లీగులో ఆడడానికి 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

జాస్ సంగతి ఒకటి మిగిలింది. బేస్‌బాల్ మహనీయుల పేర్లు నిలిపే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాలంటే పెద్ద లీగులో పదేళ్ళు ఆడి ఉండాలని నియమం. జాస్ ఆడినవి తొమ్మిదే. పదో ఏడు మొదలయ్యే వారంలో అతడు మంచం మీద ఉన్నాడు. అతని నిమిత్తం ఆ నియమాన్ని సడలించి, 1978లో అతని పేరు అక్కడ చేర్చారు.