నిమిషము లోపలి ఆధిక్యము

1989వ సంవత్సరము జూలై 23వ తేదీన, ఫ్రాన్సు దేశపు రాజులు ఒకనాడు కొలువుదీరిన వెర్సాయ్ పట్టణమునుండి ఇద్దరు పందెగాండ్రు ఒకరి వెనుక ఒకరుగా, నడుమ కొద్ది నిమిషముల ఎడముతో, పారిస్ దిక్కుగా సైకిళ్లపై బయలుదేరిరి. ముందు బయలుదేరినవాడు అమెరికా దేశీయుడైన గ్రెగ్ లెమాండ్. పందెములో ముందున్నవాని గుర్తగు పసుపు జెర్సీ ధరించి అందరికంటె కడపట బయలుదేరినవాడు ఫ్రెంచివాడైన లోరాన్ ఫిన్యోన్. మూడు వారములపాటు కొండలును మైదానములును దాటి, మూడువేల రెండువందల కిలోమీటర్లకు పైగా త్రొక్కిన పిమ్మట, టూర్ ద ఫ్రాన్స్ మకుటము కొరకు పోరాడుచున్న ఆ ఇరువురి నడుమ మిగిలిన అంతరము 50 సెకన్లు. వారి ముందు మిగిలిన దారి 24.5 కిలోమీటర్లు.

ఆ అంతరము దాటరానిదని తలచిన వారిని నిందింపజాలము. వారి చేతిలో ఒక లెక్క యున్నది. అదే యేటి పందెములో ఐదవ మజిలీనాడు, డినార్ నుండి రెన్ వరకు 73 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో లెమాండ్ ఫిన్యోన్‌ను 56 సెకన్ల తేడాతో ఓడించియుండెను. 73 కిలోమీటర్లకు 56 సెకన్లయినచో 24.5 కిలోమీటర్లకెన్ని? చిన్ననాటి బడిలో నేర్చిన త్రైరాశికము 19 సెకన్లని చెప్పును. అంతటితో ఫిన్యోన్‌కు ఇంకను అర నిమిషము మిగులును. లెక్కలో తప్పు లేదు. పందెము ముగియునప్పటికి మాత్రము ఫిన్యోన్ పోగొట్టుకొన్నది 19 సెకన్లు కాదు, 58 సెకన్లు. ఎనిమిది సెకన్ల తేడాతో పసుపు జెర్సీ చేతులు మారెను. 1903లో ఆరంభమైన ఆ మహాపందెము చరిత్రలో ఇంతకంటె తక్కువ తేడాతో ఎవ్వరును గెలువలేదు.

టైమ్ ట్రయల్‌ను ఫ్రెంచివారు ‘కోంత్ర్ లా మోంత్ర్’ అందురు. గడియారమునకు ఎదురుగా అని దాని యర్థము. తక్కిన మజిలీలలో నూటికి పైగా పందెగాండ్రు ఒక్క గుంపుగా సాగుదురు. ముందువాని వీపుచాటున వెనుకవాడు గాలిదెబ్బ తప్పించుకొనును. జట్టువారు నాయకునికి నీళ్లందింతురు, చక్రము చెడినచో తమ చక్రమిత్తురు. టైమ్ ట్రయల్‌నాడు చాటు లేదు, తోడు లేదు. అప్పటి పట్టికలో చిట్టచివరివాడు మొదట బయలుదేరును, ప్రథముడు కడపట బయలుదేరును. 1934లో తొలిసారిగా టూర్‌లో లా రోష్ సుర్ యోన్ నుండి నాంత్ వరకు గల దారిని ఈ విధముగా పరీక్షకు పెట్టినది మొదలు, జోస్యము చెప్పువారికి ఇంతకంటె ప్రీతిపాత్రమైన మజిలీ వేరొకటి లేదు. కారణము స్పష్టము. జట్టు వ్యూహములు లేవు గనుక మనుష్యుని బలమును దారి పొడవుతో గుణించిన చాలునని తోచును. అట్లు చాలదన్నదే నేను చెప్పదలచిన మాట.

ముందుగా లెక్కకు రావలసినది వాయువు. కాలువగట్టుమీద ఎదురుగాలిలో సైకిలు త్రొక్కిన ప్రతి తెలుగువానికిని ఇది తొడల నొప్పిచేతనే తెలిసిన విషయము. సమతలమున పందెగాని శ్రమలో అధికభాగము గాలిని చీల్చుటకే వ్యయమగును. అంతేగాక, వేగము పెరిగినకొలది ఆ శ్రమ సమముగా పెరుగదు, వేగపు ఘనమును అనుసరించి పెరుగును: వేగమును పదవవంతు హెచ్చించుటకు బలమును మూడవవంతు హెచ్చింపవలెను. కావున కాళ్లబలము ఎంత ముఖ్యమో, గాలి ముందు దేహము ఎంత సన్నముగా నిలుచుననునదియు అంత ముఖ్యము.

ఆనాటి ఛాయాచిత్రములను చూడుడు. లెమాండ్ తన హ్యాండిల్‌కు ముందునకు చాచిన కొమ్మలవంటి కడ్డీలను బిగించుకొని, వానిపై ముంజేతులానించి, మోచేతులను ప్రక్కలకు అదిమి, వెనుకకు సాగిన హెల్మెట్ క్రింద తల వంచి పోవుచున్నాడు. మంచుకొండ దిగువాడు పోవు తీరది. ఫిన్యోన్ తలపై ఏమియు లేదు. వెనుకకు ముడిచిన బంగారువన్నె జుట్టు గాలికి ఎగురుచున్నది. చేతులు విడివిడిగా పాత పద్ధతి హ్యాండిల్‌ను పట్టియున్నవి. మరియొక సంగతి చిత్రమున కనబడదు. కడపటి దినములలో ఫిన్యోన్‌కు జీనుపుండు లేచి, కూర్చుండుటయే యాతనయై యుండెను. ఇక లెమాండ్ మాటకు వచ్చినచో, రెండేండ్ల క్రిందట వేటలో పొరపాటున తగిలిన తుపాకిదెబ్బకు చావు అంచువరకు పోయి వచ్చినవాడు. కొన్ని సీసపు గుండ్లు ఇంకను అతని దేహమునందే యుండెను. దారిలో ఎక్కడ ఎంత కాలము పట్టినదో తనకు చెప్పవలదని జట్టువారిని ముందే కోరి, తల యెత్తక, గంటకు 54.5 కిలోమీటర్ల సగటు వేగముతో 26 నిమిషముల 57 సెకన్లలో అతడు షాంజెలిజే వీథి చేరెను. ఐదవ మజిలీనాటి త్రైరాశికమున ఆ పుండు లేదు, ఆ పట్టుదలయు లేదు.

అయినను ఒక్క ఉదాహరణముచేత సిద్ధాంతము నిలువదు. 2020లో అంతకంటె విస్మయకరమైనది జరిగెను. మహమ్మారి కారణముగా జూలైనుండి వెనుకకు జరిగిన ఆ యేటి టూర్‌లో, సెప్టెంబరు 19న, లూర్ నుండి లా ప్లాంష్ దె బెల్ ఫియ్ కొండపైకి 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. స్లొవేనియాకు చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్ తన దేశీయుడే యైన తదేయ్ పొగాచార్ కంటె 57 సెకన్లు ముందున్నాడు. రోగ్లిచ్ టైమ్ ట్రయల్‌లో ఆరితేరినవాడు. పొగాచార్‌కు ఇరువది రెండేండ్లు నిండుటకు ఇంకను రెండు దినములున్నవి. జోస్యములు ఎటు మొగ్గెనో చెప్పనక్కరలేదు.

అయితే ఆ జూన్ మాసముననే స్లొవేనియా జాతీయ టైమ్ ట్రయల్‌లో, అదియు కొండపైకి ఎగబ్రాకిన దారిలో, ఆ బాలుడు రోగ్లిచ్‌ను 9 సెకన్ల తేడాతో ఓడించియుండెను. స్వల్పమైన తేడాయే, కాని దారి ఆ దారివంటిదే. దానిని పట్టించుకొన్నవారు అరుదు. కొండ మొదటికి రాకమునుపే, రోగ్లిచ్‌కు అనుకూలమనుకొన్న సమతలముననే, ఆ 57 సెకన్లలో సగమునకు మించి కరిగిపోయెను. అటుపిమ్మట దాదాపు ఆరు కిలోమీటర్ల నిట్రమైన ఎక్కుడు. టైమ్ ట్రయల్ సైకిలు దిగి తేలిక సైకిలు ఎక్కిన పొగాచార్ నిలిచి త్రొక్కుచు పోవుచుండగా, వెనుక రోగ్లిచ్ హెల్మెట్ నుదుటిపై ప్రక్కకు ఒరిగి, ముఖము పాలిపోయి, ఎన్నడును తడబడనివాని కాళ్లు తడబడెను. పొగాచార్ ఆనాడు రెండవవాడైన టామ్ డ్యుమోలిన్ కంటె 1 నిమిషము 21 సెకన్లు ముందు వచ్చెను. డ్యుమోలిన్ 2017లో ఈ విద్యలోనే ప్రపంచవిజేత. రోగ్లిచ్ 1 నిమిషము 56 సెకన్లు పోగొట్టుకొనెను. గీత దాటి నేలపై కూలబడిన అతని రూపము చూచినవారికి ఇప్పటికిని కన్నులలో మెదలుచునే యుండును.

దీనినిబట్టి నాకు ఏర్పడిన అభిప్రాయము ఇది. మూడవ వారమున, టైమ్ ట్రయల్ ముందు, నిమిషము లోపు ఆధిక్యమును ఆధిక్యముగా లెక్కింపరాదు. 2011లో గ్రెనోబ్ల్‌లో ఆండీ ష్లెక్ ఆధిక్యము, చిత్రముగా, 57 సెకన్లే. ఆస్ట్రేలియావాడైన కాడెల్ ఎవాన్స్ దానిని తుడిచివేసి 1 నిమిషము 34 సెకన్ల తేడాతో టూర్ గెలిచెను. అది మాత్రము చాలమంది ఊహించినదే, ఏలనన ష్లెక్ కొండలవాడు, ఎవాన్స్ గడియారపువాడు. 2007లో అల్బెర్తో కొంతదోర్ చేతిలో 1 నిమిషము 50 సెకన్లుండెను, 55.5 కిలోమీటర్ల దారి గడచునప్పటికి ఎవాన్స్ దానిని 23 సెకన్లకు కుదించెను. అంత సొమ్ము చేతనుండినందుననే కొంతదోర్ బ్రతికి బయటపడెను.

మొదటి పది దినములలో సంగతి వేరు. అప్పుడు అందరి కాళ్లును తాజాగా నుండును గనుక విద్యయే గెలుచును. 1992లో లక్సెంబర్గ్‌లో 65 కిలోమీటర్ల దారిపై మిగెల్ ఇందురాయిన్ రెండవవానికంటె మూడు నిమిషములు ముందు వచ్చినది అట్టి దినముననే. మూడవ వారము వచ్చునప్పటికి పందెగాని పేరు కంటె వాని దేహమున మిగిలిన సత్తువ ముఖ్యమగును. ఆ మిగులును బయటివారెవ్వరును తూచజాలరు. 2023లో పాసి నుండి కొంబ్లూ వరకు 22.4 కిలోమీటర్ల దారికి ముందు డెన్మార్కువాడైన యోనాస్ వింగెగార్డ్‌కును పొగాచార్‌కును నడుమ నున్నది 10 సెకన్లే. పక్షము దినములు వారిరువురును నీవా నేనా యని సెకన్లకు సెకన్లు ఒప్పజెప్పుకొనుచు వచ్చిరి. ఆ ఒక్క మధ్యాహ్నము వింగెగార్డ్ 1 నిమిషము 38 సెకన్లు గెలిచెను. అదియు, పొగాచార్ ఎక్కుడు మొదట సైకిలు మార్చుకొనగా తాను మార్చుకొనకయే.

కావున జోస్యము చెప్పదలచినవారు మొదట దారిని చదువవలెను: ఎక్కుడెంత, మలుపులెన్ని, గాలి ఎటు. పిదప గడచిన రెండు మూడు దినముల కొండలపై ఎవడు జారుచున్నాడో చూడవలెను. పాత కీర్తిని, పాత పరాభవమును కూడ, కడపట చూచిన చాలును.

పాత పరాభవమని ఎందుకంటినో చెప్పి విరమించెదను. 2023 మే 27న ఇటలీ దేశపు మహాపందెమగు జీరోలో, కడపటికి ముందు దినమున, మోంతె లుస్సారి యను కొండపైకి 18.6 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. గులాబీ జెర్సీలో నున్న గెరెయింట్ థామస్ 26 సెకన్లు ముందున్నాడు. వెనుకనున్నవాడు 2020లో ఇట్టి కొండమీదనే కుప్పకూలిన రోగ్లిచ్. ముందునాటి కొండపైనను అతడు థామస్ నుండి మూడు సెకన్లు లాగుకొనియుండెను. నిట్రమైన ఆ సన్నని బాటలో నడుమ గొలుసు జారిపడగా, రోగ్లిచ్ దిగి దానిని సరిచేసికొని, ప్రేక్షకులలో నిలిచియున్న తాను స్కీ జంప్ చేసిననాటి సహచరుడొకడు వెనుకనుండి త్రోయగా మరల సాగెను. కొండ శిఖరమునకు చేరునప్పటికి అతడు థామస్ కంటె 40 సెకన్లు తక్కువ కాలము తీసికొనియుండెను. మరునాడు రోమ్ నగరమున 14 సెకన్ల తేడాతో జీరో అతనిదాయెను.