మెడ విరుపు.. మేలెంత? ముప్పెంత?

క్షవరం ముగుస్తుంది. తలకు నూనె మర్దన కూడా అవుతుంది. ఆఖరున క్షురకుడు ఒక అరచేతిని గడ్డం కింద, మరో చేతిని తల వెనుక ఉంచి మెడను ఒక్కసారిగా పక్కకు తిప్పుతాడు. ‘టక్‌’మని శబ్దం వస్తుంది. రెండో వైపూ అంతే. కుర్చీలోని మనిషికి ఎక్కడలేని హాయి! పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ సెలూన్‌కు వెళ్లే మగవారిలో ఈ అనుభవం లేనివారు తక్కువే. ఇప్పుడు ఇదే పని ‘కైరోప్రాక్టిక్‌’ పేరుతో నగరాల్లోని చికిత్సా కేంద్రాల్లో జరుగుతోంది. మెత్తని బల్ల, గోడ మీద వెన్నెముక పటం, చేతికి రసీదు అదనం. ఇలా మెడ విరిచే దృశ్యాలు సెల్‌ఫోన్లలో వరదలా వచ్చి పడుతుండటంతో ఇంట్లోనే ఒకరి మెడ ఒకరు తిప్పుకొనే యువకులూ తయారయ్యారు.

వీరిలో అత్యధికులకు ఏమీ కాదు. నూటికి తొంభై తొమ్మిది మంది కంటే ఎక్కువే క్షేమంగా ఇంటికి వెళ్తారు. కానీ చాలా అరుదుగా, ఏ రోగమూ లేని ముప్పై ఏళ్ల మనిషికి సైతం ఈ ఒక్క విరుపు తర్వాత పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అలా ఎందుకు జరుగుతుంది? తప్పు విరుపుదేనా? ఈ ప్రశ్నలపై వైద్యలోకంలో దశాబ్దాలుగా వాదం నడుస్తోంది.

దావెన్‌పోర్ట్‌లో మొదలు

కైరోప్రాక్టిక్‌ పుట్టింది అమెరికాలో. అయోవా రాష్ట్రంలోని దావెన్‌పోర్ట్‌ పట్టణంలో 1895లో డేనియల్‌ డేవిడ్‌ పామర్‌ అనే అయస్కాంత వైద్యుడు, చెవుడుతో బాధపడుతున్న ఒక పనివాని వెన్నుపూసను సరిచేసి వినికిడి తెప్పించానని ప్రకటించాడు. రోగాల్లో అత్యధిక భాగం వెన్నుపూసలు పక్కకు తొలగడం వల్లే వస్తాయన్నది ఆయన సిద్ధాంతం. ఆధునిక వైద్యం దీన్ని అంగీకరించలేదు. ఈనాటి కైరోప్రాక్టర్లలోనూ పలువురు ఆ పాత సిద్ధాంతాన్ని పక్కనపెట్టి నడుము, మెడ నొప్పుల వరకే పరిమితమవుతున్నారు. అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లో ఈ వృత్తికి లైసెన్సు ఉంది. బ్రిటన్‌లో 1994 నాటి చట్టం కింద ప్రత్యేక మండలి పర్యవేక్షిస్తుంది. మన దేశంలో ఈ వృత్తికంటూ ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. కాబట్టి బోర్డు మీద పేరు చూసి ఆ వ్యక్తి ఏం చదివాడో, ఎంతకాలం చదివాడో తెలుసుకోవడం సామాన్యుడికి సాధ్యం కాదు.

ఆ శబ్దం ఎముకది కాదు

‘టక్‌’మంటే తప్పిన పూస తిరిగి కూర్చుందని చాలామంది నమ్ముతారు. నిజానికి కీళ్ల మధ్య జిగురు వంటి ద్రవం ఉంటుంది. కీలును హఠాత్తుగా లాగినప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి ఆ ద్రవంలో వాయుకుహరం ఏర్పడుతుంది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చేతివేళ్లను ఎంఆర్‌ఐ యంత్రంలో లాగుతూ చిత్రీకరించి ఈ సంగతి చూపించారు. వేళ్ల మెటికలు విరిచినా, మెడ విరిచినా శబ్దం తీరు ఒకటే. శబ్దం వచ్చినంత మాత్రాన పూస సరైన చోటికి చేరిందనీ కాదు, రాకపోతే చికిత్స విఫలమైందనీ కాదు. అయినా శబ్దం వచ్చేదాకా మళ్లీమళ్లీ తిప్పమని అడిగేవారే ఎక్కువ. చిక్కు అక్కడే వస్తోంది.

పూసల మధ్య రక్తనాళం

మెడలో ఏడు పూసలుంటాయి. గుండె నుంచి మెదడుకు రక్తం నాలుగు ప్రధాన ధమనుల ద్వారా చేరుతుంది. మెడ ముందు భాగంలో రెండు వైపులా ఉండేవి కెరోటిడ్‌ ధమనులు. వెనుక భాగంలో పైకి వెళ్లేవి వెర్టిబ్రల్‌ ధమనులు. ఈ రెండో జత ప్రయాణమే చిత్రమైనది. సాధారణంగా కింది నుంచి లెక్కిస్తే రెండోదైన ఆరో పూస వద్ద అవి ఎముకలోని చిన్న రంధ్రంలోకి దూరి, ఒక్కో పూస రంధ్రం గుండా దారం ఎక్కినట్లు పైకి సాగుతాయి. మొదటి పూస దగ్గరకు వచ్చేసరికి ఒక్కసారిగా వెనక్కి మలుపు తిరిగి, పుర్రె అడుగు నుంచి లోపలికి వెళ్తాయి. లోపల రెండూ కలిసి ఒకే నాళంగా మారి మెదడు కాండానికి, చిన్నమెదడుకు రక్తాన్ని అందిస్తాయి.

మెడ పక్కకు తిరగడంలో సుమారు సగం భాగం మొదటి రెండు పూసల మధ్యే జరుగుతుంది. సరిగ్గా ధమని మలుపు తిరిగే చోటూ అదే. తల వేగంగా, పూర్తిగా పక్కకు తిరిగినప్పుడు అక్కడ నాళం సాగుతుంది. నాళపు గోడకు పొరలు ఉంటాయి. ఏ కారణం చేతనైనా లోపలి పొర చిరిగితే రక్తం పొరల మధ్యకు చొచ్చుకుపోతుంది. నాళం ఇరుకవుతుంది. చిరుగు వద్ద గడ్డకట్టిన రక్తపు తునక తెగి మెదడులోకి వెళ్లి అడ్డం పడితే పక్షవాతమే. దీన్నే వైద్యులు ధమని ‘డిసెక్షన్‌’ అంటారు. కొందరికి నిమిషాల్లో, కొందరికి గంటలు లేదా రోజుల తర్వాత లక్షణాలు కనిపిస్తాయి. అందుకే పాత విరుపునకూ, కొత్త జబ్బుకూ లంకె ఉందని ఎవరికీ తోచదు.

ఈ చిరుగు అరుదైనదే. వెర్టిబ్రల్‌ ధమనిలో ఏటా లక్ష మందిలో ఒకరికి లేదా కాస్త అటూఇటుగా వస్తుందని పాశ్చాత్య దేశాల లెక్కలు చెబుతున్నాయి. మొత్తం పక్షవాతాల్లో ధమని చిరుగు వాటా రెండు శాతం మాత్రమే. కానీ యువతలో, నడివయస్కుల్లో వచ్చే పక్షవాతాల్లో ఈ వాటా దాదాపు ఐదో వంతు వరకూ ఉంటుంది. కుటుంబాన్ని పోషించే వయసువారికి వచ్చే జబ్బు కావడమే దీని తీవ్రత.

కోడి ముందా.. గుడ్డు ముందా?

విరుపు తర్వాత పక్షవాతం వచ్చింది కనుక విరుపే కారణమనడం తేలిక. పరిశోధకులకు మాత్రం ఇది అంత సులభంగా తేలలేదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్ర ఆరోగ్య రికార్డులను పరిశీలించి 2001లో వెలువడిన అధ్యయనంలో, 45 ఏళ్ల లోపు వయసులో ఈ తరహా పక్షవాతానికి గురైనవారు అంతకు ముందు వారంలో కైరోప్రాక్టర్‌ను కలిసి ఉండే అవకాశం ఇతరులకంటే ఐదు రెట్లు ఎక్కువని తేలింది. అప్పట్లో ఇది పెద్ద దుమారం రేపింది.

2008లో అదే రాష్ట్ర రికార్డులతో మరో బృందం 818 కేసులను తిరిగి చూసింది. ఈసారి మామూలు కుటుంబ వైద్యుడి దగ్గరకు వెళ్లినవారినీ లెక్కలోకి తీసుకుంది. విచిత్రంగా అక్కడా అదే లంకె కనిపించింది. కుటుంబ వైద్యుడు మెడ విరవడు కదా! మరి ఆయనను కలిసినవారికి పక్షవాతం ఎందుకొచ్చినట్లు? దీనికి పరిశోధకులు చెప్పిన సమాధానం ఆలోచింపజేసేది. ధమని చిరగడమే మొదట మెడనొప్పిగా, తలనొప్పిగా బయటపడుతుంది. ఆ నొప్పితోనే రోగి ఎవరో ఒకరి దగ్గరకు వెళ్తాడు. పక్షవాతం అప్పటికే దారిలో ఉంది.

ఈ వాదనతో కైరోప్రాక్టర్ల సంఘాలు ఊపిరి పీల్చుకున్నాయి. అయితే అది పూర్తి నిర్దోషిత్వ ధ్రువపత్రం కాదు. అప్పటికే చిరిగిన నాళం ఉన్న మెడను బలంగా తిప్పితే ఏమవుతుందన్న ప్రశ్న అలాగే ఉంది. అమెరికన్‌ హార్ట్‌ అసోసియేషన్‌ 2014లో వెలువరించిన ప్రకటనలో, విరుపే కారణమని రుజువు కాకున్నా రెండింటి మధ్య సంబంధం కనిపిస్తోందనీ, ఈ సంగతిని చికిత్సకు ముందే రోగికి తెలియజేయాలనీ పేర్కొంది. ముప్పు ఎంతమందిలో ఒకరికన్న అంచనాలు సైతం వేలల్లో ఒకరి నుంచి లక్షల్లో ఒకరి దాకా విపరీతంగా మారుతున్నాయి. అరుదైన సంఘటనను లెక్కించడంలోని కష్టమది.

ఆ సందిగ్ధతకు 2016లో లాస్‌ ఏంజెలెస్‌లో జరిగిన ఒక మరణం నిదర్శనం. 34 ఏళ్ల మోడల్‌ ఒకరు ఫొటోల చిత్రీకరణలో జారిపడ్డారు. మెడ నొప్పి తగ్గకపోవడంతో కైరోప్రాక్టర్‌ను ఆశ్రయించారు. కొద్ది రోజులకే పక్షవాతంతో మరణించారు. మెడను తిప్పడం వల్లే ధమని చిరిగిందని అక్కడి మరణ విచారణాధికారి తేల్చారు. పడినప్పుడే గాయమైందా అన్న చర్చ మాత్రం ఆగలేదు. ఏది నిజమైనా ఒకటి స్పష్టం. దెబ్బ తగిలిన తర్వాత మొదలైన నొప్పికి విరుపు మందు కాదు.

వృద్ధుల్లో ప్రమాదం మరో రూపంలో ఉంటుంది. బ్రిటన్‌లోని యార్క్‌లో 2017లో 80 ఏళ్ల వృద్ధుడొకరు చికిత్స బల్లపైనే కాళ్లూ చేతులూ కదపలేని స్థితికి చేరి, మరుసటి రోజు మరణించారు. వయసుతో బిగుసుకుపోయిన వెన్ను ఒత్తిడిని తట్టుకోలేక వెన్నుపాము దెబ్బతింది. ఎముకలు గుల్లబారినవారికీ, కీళ్లవాతం వల్ల మొదటి రెండు పూసల మధ్య పట్టు సడలినవారికీ ఇదే హెచ్చరిక.

మన చుట్టుపక్కల..

సెలూన్‌ సంగతికొస్తే, సరిహద్దు జిల్లా బళ్లారిలో 2024లో వెలుగుచూసిన ఉదంతం తాజాది. క్షౌరశాలలో తల మర్దన అనంతరం మెడ విరిపించుకున్న 30 ఏళ్ల యువకుడు కాసేపటికే మాట తడబడి, ఎడమవైపు పట్టు కోల్పోయాడు. కెరోటిడ్‌ ధమని చిరిగినట్లు వైద్యులు గుర్తించారు. కోలుకోవడానికి సుమారు రెండు నెలలు పట్టింది. అంతకుముందు 2017లో ఢిల్లీ ప్రాంతంలో 54 ఏళ్ల వ్యక్తికి ఇలాగే మెడ తిప్పించుకున్నాక ఆయాసం మొదలైంది. శ్వాసకు ఆధారమైన ఉదరవితానాన్ని నడిపే నరం మెడ నుంచే బయలుదేరుతుంది. అది దెబ్బతిందని పరీక్షల్లో తేలింది.

మహిళలకు ముప్పు మరో చోట పొంచి ఉంది. బ్యూటీపార్లర్లలో తల వెనక్కి వాల్చి, మెడను గట్టి తొట్టి అంచుపై ఆనించి జుట్టు కడగడం మామూలే. అలా వంగినప్పుడు ధమని నొక్కుకుపోయి పక్షవాతం రావడాన్ని 1993లో అమెరికా నరాల వైద్యుడు మైకేల్‌ వీన్‌ట్రాబ్‌ వైద్య పత్రికలో వివరించారు. హైదరాబాద్‌లో 2022లో 50 ఏళ్ల మహిళకు జుట్టు కడిగించుకుంటుండగా తలతిరుగుడు, వాంతులు మొదలయ్యాయి. మరుసటి రోజు స్కానింగ్‌లో చిన్నమెదడుకు రక్తం అందలేదని బయటపడింది. మెడ కింద మడిచిన తువ్వాలు పెట్టమని అడగడం పెద్ద పనేమీ కాదు.

లాభం ఎంత?

విరుపుతో ఉపశమనం బొత్తిగా లేదనలేం. 2012లో అమెరికాలోని మిన్నెసోటాలో 272 మంది మెడనొప్పి రోగులపై జరిపిన పరీక్షలో పూసల చికిత్స మందులకంటే మెరుగైన ఫలితమిచ్చింది. కానీ అదే పరీక్షలో ఇంకో వర్గం కూడా ఉంది. వారికి ఇంటి దగ్గర చేసుకొనే సులువైన మెడ వ్యాయామాలను నేర్పి పంపారంతే. వారికీ దాదాపు అంతే మేలు జరిగింది! హఠాత్తుగా తిప్పే విధానానికీ, ఫిజియోథెరపిస్టులు మెల్లగా కదిలించే పద్ధతికీ ఫలితంలో పెద్ద తేడా లేదని 2015 నాటి కాక్రేన్‌ సమీక్ష సైతం తెలిపింది. సమానమైన మేలు, సున్నితమైన దారిలోనే దొరుకుతున్నప్పుడు కుదుపు ఎందుకన్నదే విమర్శకుల ప్రశ్న. దీనికి ఇంతవరకూ గట్టి జవాబు రాలేదు. సెలూన్‌లో అయితే ప్రశ్నే లేదు. అక్కడ రోగమూ లేదు, పరీక్షా లేదు.

కైరోప్రాక్టర్‌ను ఆశ్రయించదలచినవారు కనీసం కొన్ని సంగతులు అడిగి తీరాలి. రక్తపోటు, పాత దెబ్బలు, ఎముకల బలహీనత గురించి ఆయన వాకబు చేశారా? ముప్పు ఉందని ముందే చెప్పారా? కుదుపు లేకుండా చికిత్స చేయగలరా? చికిత్సకు ముందు రోగికి ప్రమాదాలు వివరించి సమ్మతి తీసుకోవాలని 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో వైద్యులకు స్పష్టం చేసింది. ‘మెడ జోలికి వద్దు, నడుము వరకే చాలు’ అని చెప్పే హక్కు రోగికి ఎప్పుడూ ఉంది.

ఈ లక్షణాలుంటే ఆసుపత్రికే

గతంలో ఎన్నడూ లేనంత తీవ్రమైన మెడనొప్పి, లేదా మెడకు ఒకే పక్క నుంచి తల వెనక్కి పాకే కొత్త నొప్పి వస్తే ఎవరితోనూ మెడ తిప్పించుకోరాదు. దానికి తోడు తలతిరుగుడు, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబాటు, మింగడం కష్టం కావడం, ముఖం తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, ఒక కంటిరెప్ప వాలిపోవడం వంటివి ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం పనికిరాదు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల వరకే అవకాశం. 108కు ఫోన్‌ చేసి స్కానింగ్‌ సదుపాయమున్న ఆసుపత్రికి చేరుకోవాలి. పక్షవాతం రాకముందే చిరుగును గుర్తిస్తే రక్తాన్ని పలుచబరిచే మందులతోనే చాలామంది గట్టెక్కుతారు.

ఇక్కడే ఒక పొరపాటు తరచూ జరుగుతోంది. పాతికేళ్ల యువకుడు తలతిరుగుతోందని, వాంతులవుతున్నాయని వస్తే గ్యాస్‌ అనో, చెవి సమస్య అనో మందులిచ్చి పంపేస్తుంటారు. మామూలు సీటీ స్కాన్‌లో చిన్నమెదడు పక్షవాతం తొలి గంటల్లో కనిపించకపోవచ్చు. ఎంఆర్‌ఐ, మెడ రక్తనాళాల యాంజియోగ్రాం చేస్తేనే చిరుగు బయటపడుతుంది. ఆ పరీక్ష రాయాలన్న ఆలోచన వైద్యుడికి రావాలంటే, రెండు రోజుల కిందట సెలూన్‌లోనో, చికిత్సా కేంద్రంలోనో మెడ విరిపించుకున్న సంగతి రోగి గానీ, వెంట వచ్చినవారు గానీ మొదటే చెప్పాలి.