బొమ్మ చేసేది ఒకరు, సొంతదారు మరొకరు: భారత ఆటబొమ్మల పరిశ్రమ ముందున్న అసలు ప్రశ్న

భారతదేశంలోని బొమ్మల దుకాణాలలో చాలా ఏళ్లపాటు చైనా సరుకుదే పైచేయిగా ఉండేది. ఆ పరిస్థితి ఇప్పుడు మారింది. కేంద్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2014-15లో సుమారు 33 కోట్ల డాలర్ల విలువైన ఆటబొమ్మలు దిగుమతి కాగా, 2022-23 నాటికి ఆ విలువ సుమారు 16 కోట్ల డాలర్లకు తగ్గింది. అదే కాలంలో ఎగుమతులు 9.6 కోట్ల డాలర్ల నుంచి 32.5 కోట్ల డాలర్లకు పెరిగాయి.

ఈ అంకెలు పరిశ్రమ ఎదుగుదలను చూపుతున్నాయి. అయితే ఇక్కడ తయారైన బొమ్మ రూపం ఎవరిది, దాని పేరు ఎవరిది, అమ్మకం ధరలో పెద్ద వాటా ఎవరికి చేరుతుంది అన్న ప్రశ్నలకు వాటిలో సమాధానం లేదు. ఆటబొమ్మల వ్యాపార చరిత్రను గమనిస్తే, ఎక్కువ కాలం నిలిచింది రూపానికి, పేరుకు సొంతదారులైనవారే.

దిగుమతులు ఎందుకు తగ్గాయి?

రెండు ప్రభుత్వ నిర్ణయాలు ఇందుకు ప్రధాన కారణాలు. మొదటిది సుంకం. ఆటబొమ్మలపై 20 శాతంగా ఉన్న ప్రాథమిక దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020 ఫిబ్రవరిలో 60 శాతానికి, 2023 బడ్జెట్‌లో 70 శాతానికి పెంచింది.

రెండవది నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు. 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ ఉత్తర్వు ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల కోసం ఉద్దేశించిన బొమ్మలపై భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, అనుమతితో వేసే ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. విదేశాలలో తయారుచేసి ఇక్కడ అమ్మేవారికీ ఇదే నియమం వర్తిస్తుంది. అంతకుముందు 2019లో భారత నాణ్యతా మండలి మార్కెట్‌లోని దిగుమతి బొమ్మల నమూనాలను పరీక్షించగా, సుమారు 67 శాతం భద్రతా పరీక్షలలో విఫలమయ్యాయి.

పరీక్షలో చూసేదేమిటి?

బొమ్మ నుంచి ఊడివచ్చే చిన్న భాగాలు మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డుపడతాయా అన్నది ప్రధానంగా పరిశీలిస్తారు. ఇందుకు ఒక చిన్న గొట్టాన్ని కొలతగా వాడతారు. ఊడిన భాగం అందులో పూర్తిగా ఇమిడిపోతే ఆ బొమ్మ పసిపిల్లలకు పనికిరాదు. అంచులు కోసుకుంటాయా, గుడ్డ త్వరగా అంటుకుంటుందా, విద్యుత్ భాగాలు వేడెక్కుతాయా అన్నవి కూడా పరీక్షిస్తారు.

రసాయనాల పరీక్ష మరొకటి. రంగులలోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే థాలేట్ అనే రసాయనాలకూ పరిమితులు ఉన్నాయి. పసిపిల్లలు చేతికందినదల్లా నోట పెట్టుకుంటారు కాబట్టి ఈ పరిమితులు కీలకం.

ఈ విషయంలో 2007 ఒక మలుపు. అమెరికా సంస్థ మాటెల్ ఆ ఏడాది లక్షలాది బొమ్మలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. చైనా కర్మాగారాలలో వాడిన సీసపు రంగు ఒక కారణం. అయితే వెనక్కి తీసుకున్న వాటిలో అధిక భాగానికి కారణం ఊడిపోయే అయస్కాంతాలనీ, ఆ లోపం తమ రూపకల్పనదేననీ సంస్థ ఉన్నతాధికారి బీజింగ్‌లో అంగీకరించారు. మరుసటి ఏడాది అమెరికా పిల్లల వస్తువుల భద్రతా చట్టాన్ని కఠినతరం చేసింది.

బార్బీ, లెగో చెప్పే పాఠం

మాటెల్ సహ వ్యవస్థాపకురాలు రూత్ హ్యాండ్లర్ 1959లో న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో బార్బీని పరిచయం చేశారు. తన కుమార్తె కాగితపు బొమ్మలను పెద్దవారిగా ఊహించుకుని ఆడుకోవడం ఆమెకు ఈ ఆలోచన కలిగించింది. జర్మనీలో అమ్ముడవుతున్న లిల్లీ అనే బొమ్మ ఆమెకు నమూనా అయింది. ఆలోచన, పేరు, ప్రచారం కాలిఫోర్నియావి. తొలి బార్బీలు తయారైనది మాత్రం జపాన్‌లో. కూలి రేట్లను బట్టి తయారీ తరువాత ఇతర ఆసియా దేశాలకు తరలింది. కర్మాగారాలు మారినా బార్బీ మాటెల్ చేతిలోనే ఉంది.

డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ 1932లో చెక్కబొమ్మల తయారీ మొదలుపెట్టారు. అదే తరువాత లెగో అయింది. ఒకదానికొకటి బిగుసుకునే నేటి ప్లాస్టిక్ ఇటుకకు 1958లో పేటెంట్ కోరారు. లెగో తన ఇటుకలను ప్రధానంగా సొంత కర్మాగారాలలోనే తయారుచేసుకుంటుంది. సంస్థలో అధిక వాటా నేటికీ ఆ కుటుంబానిదే. మాటెల్, లెగో దారులు వేరైనా రూపంపై హక్కును రెండూ వదులుకోలేదు.

భారతీయ సంస్థలు ఎక్కడ ఉన్నాయి?

టైర్ల తయారీకి పేరుపొందిన ఎంఆర్ఎఫ్ ప్రస్థానం ఆటవస్తువుతోనే మొదలైంది. కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్లై 1946లో మద్రాసులోని తిరువొత్తియూరులో ఆట బెలూన్ల తయారీ ప్రారంభించారు. నాలుగు దశాబ్దాల తరువాత, 1987లో, ఆ సంస్థ అమెరికాకు చెందిన హాస్‌బ్రోతో కలిసి ఫన్‌స్కూల్‌ను నెలకొల్పింది. గోవాలో, తమిళనాడులోని రాణిపేటలో దానికి కర్మాగారాలు ఉన్నాయి. విదేశీ బొమ్మలను అనుమతి ఒప్పందాలతో తయారుచేస్తూనే అది సొంత పేర్లతోనూ బొమ్మలు అమ్ముతోంది.

విమాన భాగాలు తయారుచేసే ఏక్వస్ సంస్థ కర్ణాటకలోని కొప్పళ్‌లో బొమ్మల తయారీ సముదాయాన్ని అభివృద్ధి చేసి, విదేశీ బ్రాండ్ల కోసం బొమ్మలు తయారుచేస్తోంది. రిలయన్స్ మరో దారి ఎంచుకుంది. లండన్‌లో 1760లో మొదలైన హామ్లీస్ బొమ్మల దుకాణాల సంస్థను 2019లో కొనుగోలు చేసింది.

చిన్న పరిశ్రమలకు ఈ దారులేవీ సులభం కావు. ప్లాస్టిక్ బొమ్మకు ఉక్కు అచ్చు కావాలి. ఒక్కో అచ్చుకు లక్షల రూపాయలు ఖర్చవుతాయి. వేల సంఖ్యలో బొమ్మలు అమ్ముడైతేనే ఆ పెట్టుబడి తిరిగి వస్తుంది. దానికి తోడు పరీక్షల ఖర్చు, అనుమతి రుసుము ఉంటాయి. పిల్లల భద్రతకు అవసరమైన నియమమే చిన్న ఉత్పత్తిదారుకు భారమవుతుంది. అందుకే సూక్ష్మ పరిశ్రమలకు రుసుములలోనూ, సొంత ప్రయోగశాల ఏర్పాటు విషయంలోనూ సడలింపులు ఇచ్చారు.

ఏటికొప్పాక, కొండపల్లి సంగతేమిటి?

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను చక్రంపై తిప్పి, లక్క పూసి బొమ్మలు చేస్తారు. అక్కడ సహజ రంగుల వాడకాన్ని పునరుద్ధరించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. సీసం లేని రంగు కోసం ప్రపంచమంతా నియమాలు రాసుకుంటున్న కాలంలో, ఆ గ్రామం చెట్ల బెరళ్లు, గింజలు, ఆకుల నుంచే రంగులు తీస్తోంది. విజయవాడ సమీపంలోని కొండపల్లిలో తేలికైన తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో భాగాలను అతుకుతారు.

హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు కింద అధీకృత వినియోగదారుల ఉత్పత్తులకు నాణ్యతా ఉత్తర్వు నుంచి మినహాయింపు ఉంది. ఏటికొప్పాక బొమ్మలకు ఈ గుర్తింపు 2017లో వచ్చింది. ఒక రకంగా ఇది ఊరందరికీ కలిపి ఉన్న బ్రాండ్. ఆ పేరుతో మరెవరూ బొమ్మలు అమ్మకూడదు. కానీ అదే రూపాన్ని మరో పేరుతో యంత్రాలపై చేసేవారిని ఈ గుర్తింపు ఒక్కటే ఆపలేదు. చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి కర్ర లభ్యత కూడా ఈ కళలను వెంటాడే సమస్యే.

ఇకపై ఏం చూడాలి?

భారత్‌ను ప్రపంచ బొమ్మల కేంద్రంగా మార్చేందుకు ఒక పథకం అమలు చేస్తామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2025 బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించారు. తయారీ సముదాయాలు, నైపుణ్యాలు అందులో భాగం. సుంకం దేశీయ తయారీదారుకు గడువు మాత్రమే ఇస్తుంది. ఆ గడువులో కొత్త రూపాలు గీసేవారికి, వాటిని నమోదు చేసుకునే చిన్న సంస్థలకు, హస్తకళాకారులకు ఎంత తోడ్పాటు అందుతుందన్న దానిపైనే లాభం ఎక్కడ మిగులుతుందన్నది ఆధారపడి ఉంటుంది.

కొనేవారి వంతు కూడా ఉంది. కర్మాగారంలో తయారైన బొమ్మపై ఐఎస్‌ఐ గుర్తును, ఏ వయసు పిల్లలకన్న సూచనను చూసుకోవాలి. చేతితో చేసిన బొమ్మ కొనేటప్పుడు అది ఏ ఊరిదో, ఏ రంగులు వాడారో అడగడం మేలు.